హారం

సోహార్ క్యాంపుల నాది హాజరు పని.
తెల్లారగట్ల నాలుగింటికి బస్సు మెట్టు కాడ నిలబడి
ఎక్కిన తలకాయకొక గీత,
ఎక్కనోనికి సున్న.
సున్న అంటే ఆ దినం కూలి లేదు, అంతే.
ఎందుకెక్కలేదో రాసే గడి
ఆ పుస్తకంల లేదు.

జూన్ల వాంతులు మొదలైనయి.
రేకుల బ్లాకుల పద్దెనిమిది మంది,
కొత్త బ్లాకుల పద్దెనిమిది మంది.
"రెండు దిక్కుల సమానం, గాలి మంచిగ లేదు" అన్నడు ముదీర్.
పోశెట్టన్న దిష్టి అన్నడు, నిమ్మకాయ కోసి గడపకు పెట్టిండు.
నేనూ తలూపిన.
పద్దెనిమిదీ పద్దెనిమిదీ ఒకటే గద.

క్లినిక్ నర్సు ఎలీశమ్మ, రేపల్లె దిక్కు మనిషి,
నా పుస్తకం తిప్పి చూసి అడిగింది:
"ఎంతమందిలో?"
"పద్దెనిమిదే మేడం, లెక్క తప్పలే."
"అది లవం. కింద హారం ఏదయ్యా?"

హారమంటే నాకెరుకైంది ఒక్కటే,
కార్గో కౌంటర్ కాడ పెట్టె మీద వేసే
ప్లాస్టిక్ బంతిపూలు.
ఏడో తరగతిల సగంల విడిచొచ్చిన భిన్నాలు
ఇరవై ఏండ్లకు ఈ ఉప్పుగాలిల
మల్ల ముంగట నిలబడ్డయి.

రేకుల బ్లాకుల పండేటోళ్లు నలభై ఐదు.
కొత్త బ్లాకుల మూడు వందల అరవై.
గీత గీసి కింద రాసిన.
ఇక్కడ ఐదుగురిల ఇద్దరు.
అక్కడ ఇరవై మందిల ఒక్కడు.
"దిష్టికి బ్లాకు నంబరు ఎట్ల తెలిసె పోశెట్టన్నా?"
అన్నడు లింబాద్రి, బకెట్ల తల పెట్టుకునే.

ఎలీశమ్మ రోగమొచ్చినోళ్లనే కాదు,
ఏం కానోళ్లను గుడ కూసోబెట్టి అడిగింది.
అందరు నవ్విన్రు. బాగున్నోనికేం పరీక్ష?
రేకుల బ్లాకుల సీసా నీళ్లు కొనుక్కునే ఆరుగురు
ఒక్కసారి గుడ కక్కలేదు.
కొత్త బ్లాకోళ్లల చానమంది
పేకాటకు ఇక్కడికొచ్చి మన కూలర్ తాగినోళ్లే.
అప్పుడెక్కినం టాంకీ మీదికి.
మూత లేదు. మూత ఎన్నడు పోయిందో
ఎవని హాజరుల లేదు.

పాయిఖాన గోడ మీద ఒక బొమ్మ ఉంటుండె.
ఉచ్చ రంగులు ఎనిమిది, పక్కన అరబ్బీ, ఇంగ్లీషు.
అందరు పెయింట్ కంపెనోనిదనుకున్నరు.
నేను స్కెచ్ పెన్నుతోని కింద రాసిన:
బియ్యం కడుగు అయితే మంచిదే.
నిమ్మరసం, ఫరవాలేదు.
పచ్చిపులుసు రంగొస్తే ఇంకో రెండు సీసాలు తాగు.
డికాషన్ లెక్కుంటే సిగ్గుపడకు, క్లినిక్‌కు నడువు.
ఒకడు అడిగిండు, "తాగుతనే, మల్ల దిగుడెట్ల?"
పన్నెండో అంతస్తు పరంజా మీద వాడు.
దానికి నా కాడ రంగు లేదు.

ఎండాకాలం ఎల్లినంక ఆఫీసుల బోర్డు పెట్టిన్రు:
ఈ క్యాంపుల కిడ్నీ రోగులు సున్న.
అబద్ధం కాదది. పుస్తకం చూస్తె నిజంగ సున్ననే.
కిడ్నీ చెడ్డోని వీసా కొట్టేస్తరు,
వీసా కొట్టేసినంక పేరు నేనే కొట్టేస్త.
పైన నుంచి పాయె, కింద నుంచి గుడ పాయె.
మిగిలినోళ్లంత ఎప్పటికి పైల్వాన్లే.

గందుకే ఇంకో నోటుబుక్కు కొన్న, రెండు వందల బైసలు.
ఎలీశమ్మ నేర్పినట్లు
వచ్చిన తేదీ, చేసిన పని, పోయిన తేదీ,
పోయినంక ఫోన్ చేసి అడిగింది.
ఒక పేజీల నాంపెల్లి, షట్టరింగ్, తొమ్మిదేండ్లు.
జగిత్యాలల వారానికి రెండుమాట్ల సూది పెట్టిచ్చుకుంటడు,
మిషిన్ చప్పుడుల నా మాట సరిగ వినబడదు.

"ఇంక నా పేరెందుకన్నా నీ బుక్కుల?
నేను క్యాంపు మనిషిని కాదు గద."

గీతకు కిందున్నవ్ రా, అన్న.
అందరితోని.
వానికి సమజైందో లేదో,
"ఎండ ఎట్లున్నది?" అని అడిగిండు.